కింది నుంచి రెండోవాళ్ళు: ఐజ్వాల్ ఎఫ్‌సీ 2016-17 సీజన్

[తెర మీద: 2015-16 ఐ-లీగ్ పాయింట్ల పట్టిక. ఎనిమిదో వరస మీద ఎర్ర గీత.]

ఈ పట్టిక ఒకసారి చూడండి. భారత ఫుట్‌బాల్‌లో అప్పటి పై లీగ్, ఐ-లీగ్‌ది. మొత్తం తొమ్మిది జట్లు. అట్టడుగున పుణె జట్టు డీఎస్‌కే శివాజియన్స్. దాని పైన, ఎనిమిదో స్థానంలో మిజోరం జట్టు ఐజ్వాల్ ఎఫ్‌సీ. వీళ్ళలో రెండో డివిజన్‌కి ఎవర్ని దించాలి?

తొమ్మిదోవాళ్ళనే కదా అంటారు. దించింది ఎనిమిదోవాళ్ళని.

ఎందుకంటే, శివాజియన్స్ నేరుగా లీగ్‌లో చోటు తీసుకున్న కార్పొరేట్ జట్టు. అలా వచ్చినవాళ్ళని దించకూడదని నిబంధన. ఐజ్వాల్ మాత్రం రెండో డివిజన్ గెలిచి, మెట్టుమెట్టుగా ఎక్కి వచ్చిన జట్టు. మిజోరం నుంచి దేశంలోని పై లీగ్‌కి వచ్చిన మొదటి క్లబ్బు కూడా. క్లాసులో ఆఖరి ర్యాంకువాడు పై క్లాసుకి వెళ్ళి, వాడికంటే ఒక మార్కు ఎక్కువ తెచ్చుకున్నవాడు తప్పినట్టు ఉంది వ్యవహారం.

అదే నెలల్లో ఇంకో దెబ్బ. 2016 మే 21న గువాహటిలో ఫెడరేషన్ కప్ ఫైనల్. ఐజ్వాల్ మీద కోల్‌కతా జట్టు మోహన్ బగాన్ 5-0తో గెలిచింది. ఆ ఐదింటిలో రెండు కొట్టింది జేజే లాల్‌పెఖ్లువా. అతనూ మిజో కుర్రాడే. సొంత రాష్ట్రంలో పుట్టిన పేద్ద స్టారు కోల్‌కతా చొక్కా తొడుక్కుని సొంతవాళ్ళ మీదే గోల్స్ కొడుతున్నాడు. ఈ మోహన్ బగాన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

[తెర మీద: గోవా పటం]

ఇక్కడ కథ గోవాకి వెళ్తుంది. ఆ రోజుల్లో భారత ఫుట్‌బాల్‌లో రెండు కాపురాలు. ఒకటి పాత ఐ-లీగ్, రెండోది 2014లో సినిమా తారలు, క్రికెటర్ల హంగామాతో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్, అంటే ఐఎస్‌ఎల్. ఐఎస్‌ఎల్‌ని పైన పెట్టి ఐ-లీగ్‌ని కిందికి తోసే ఆలోచన భారత ఫుట్‌బాల్ సమాఖ్య బయటపెట్టగానే గోవా క్లబ్బులకి ఒళ్ళు మండింది. సాల్‌గావ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్ డి గోవా తప్పుకున్నాయి. రెండో డివిజన్ గెలిచి పైకి రావాల్సిన డెంపో కూడా మాకొద్దు పొమ్మంది. లీగ్‌లో ఖాళీలు పడ్డాయి. ఐజ్వాల్‌ని మళ్ళీ పిలిచారు.

దీన్ని అదృష్టం అనేవాళ్ళున్నారు. అదృష్టమే, ఒప్పుకుంటాను. కాకపోతే పోయిన చోటు తిరిగి రావడం వరకే. ఆ తర్వాత పద్దెనిమిది మ్యాచ్‌లు కాళ్ళతోనే ఆడాలి కదా!

ఇంతలో ముంబైలో ఖాలిద్ జమీల్ అనే కోచ్ ఖాళీ అయ్యాడు. ఒకప్పటి భారత మిడ్‌ఫీల్డర్. ఏళ్ళ తరబడి ముంబై ఎఫ్‌సీని నడిపాడు. పెద్ద ట్రోఫీలేం లేవు, కానీ చిన్న బడ్జెట్‌తో ఏటా జట్టుని దిగిపోకుండా కాపాడుకొచ్చాడు. ఐజ్వాల్ యజమాని రాబర్ట్ రొమావియా రోయ్‌తే ఆయన్ని పిలిపించుకున్నాడు. జమీల్ వస్తూ వస్తూ తనకి తెలిసిన కుర్రాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు. అశుతోష్ మెహతా, జయేష్ రాణే ముంబై నుంచే. గోల్‌కీపర్ ఆల్బినో గోమ్స్ గోవావాడు.

విదేశీయుల విషయంలో రూలు నలుగురు, అందులో ఒకరు ఆసియా దేశస్థుడై ఉండాలి. ఐజ్వాల్ ఎంపిక: లైబీరియా నుంచి ఆల్ఫ్రెడ్ జార్యాన్, ఐవరీ కోస్ట్ నుంచి కామో బాయి, నైజీరియా నుంచి కింగ్స్‌లీ, ఆసియా కోటాలో సిరియావాడు మహమూద్ అల్-అమ్నా. మిగతా చాలామంది స్థానిక మిజో కుర్రాళ్ళు. మొత్తం సీజన్ ఖర్చు సుమారు 2 కోట్లని అప్పటి పత్రికలు రాశాయి. ఒక జాతీయ లీగ్‌లో టైటిల్ కోసం పోటీపడే జట్టుకి అది చిల్లర కింద లెక్క.

[తెర మీద: కొండ కొమ్మున స్టేడియం, చుట్టూ అంచెలంచెలుగా ఇళ్ళు]

చాలా వీడియోల్లో ఈ కథని 'భారతదేశపు లెస్టర్ సిటీ' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇంగ్లండు పై లీగ్‌ని ఎవరూ ఊహించని చిన్న జట్టు లెస్టర్ గెలిచింది అంతకు ముందు ఏడాదే కాబట్టి పోలిక చేతికి దొరికింది. నాకు మాత్రం ఆ పోలిక నచ్చదు. అద్భుతం అనేస్తే, దాని వెనక ఏం జరిగిందో అడగాల్సిన పని తప్పిపోతుంది.

మిజోరం మొత్తం జనాభా 2011 లెక్కల్లో 11 లక్షలు కూడా లేదు. మన పెద్ద జిల్లాల్లో ఒక దాంట్లో నాలుగో వంతు ఉంటుందేమో. అలాంటి రాష్ట్రం 2012లో సొంతంగా మిజోరం ప్రీమియర్ లీగ్ పెట్టుకుంది. మ్యాచ్‌లు చూపించింది జోనెట్ అనే స్థానిక కేబుల్ సంస్థ. ఏ వీధి కుర్రాడు ఏ వారం గోల్ కొట్టాడో ఇంట్లో అమ్మమ్మకి కూడా తెలిసేది. రెండేళ్ళు తిరక్కుండానే, 2014లో, రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీని మిజోరం మొదటిసారి గెలిచింది. అంటే 2017 నాటికి మన్ను సిద్ధంగా ఉంది, విత్తనాలూ ఉన్నాయి. కావలసింది నారు ఎక్కడ నాటాలో తెలిసిన ఒక రైతు.

[తెర మీద: ఖాళీ పట్టిక, అంకెలు ఒక్కొక్కటిగా పడతాయి]

ఇప్పుడు లెక్క. పది జట్లు. ప్రతి జట్టుతో సొంతూళ్ళో ఒకసారి, అవతలి ఊళ్ళో ఒకసారి, వెరసి 18 మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. సెమీఫైనల్ లేదు, ఫైనల్ లేదు. కప్పు పోటీలో ఒక్క చెడ్డ రోజు కొంప ముంచుతుంది, గువాహటిలో చూశాం కదా. లీగ్‌లో చెడ్డ రోజుకి విరుగుడు ఉంటుంది. డ్రాకి మాత్రం ఉండదు.

ఎలాగంటారా? సీజన్ చివర పట్టిక ఇది. ఐజ్వాల్: 11 గెలుపులు, 4 డ్రాలు, 3 ఓటములు. మోహన్ బగాన్: 10 గెలుపులు, 6 డ్రాలు, 2 ఓటములు. తక్కువసార్లు ఓడింది ఎవరు? బగాన్. కూడి చూడండి. ఐజ్వాల్‌కి 33 ప్లస్ 4, 37. బగాన్‌కి 30 ప్లస్ 6, 36. ఓడిపోకుండా ఉండటానికి ఆడినవాళ్ళు రెండో స్థానం, గెలవడానికి తెగించినవాళ్ళు మొదటి స్థానం. తేడా ఒక్క పాయింటు.

ఆ ఒక్క పాయింటు ఎక్కడ పుట్టిందో చూద్దాం.

2017 ఏప్రిల్ 22, శనివారం. ఐజ్వాల్‌లోని రాజీవ్ గాంధీ స్టేడియం. కృత్రిమ గడ్డి మైదానం. రెండు జట్లకీ అప్పటికి చెరి 33 పాయింట్లు. వచ్చింది ఎవరనుకున్నారు? మోహన్ బగాన్, ఆ జట్టులో జేజే. 80 నిమిషాలు దాటినా గోల్ లేదు. డ్రా అయితే ఇద్దరికీ చెరొకటి, ఆఖరి రోజు దాకా ముడి వీడదు. 83వ నిమిషంలో డిఫెండర్ జోమింగ్లియానా రాల్తే పైకి లేచి తలతో కొట్టాడు. 1-0. గోల్స్ ఆపడం పనిగా పెట్టుకున్నవాడు కొట్టిన గోల్ అది. ఐజ్వాల్ 36, బగాన్ 33.

ఇక మిగిలింది ఒక్కటే మ్యాచ్. ఏప్రిల్ 30, షిల్లాంగ్‌లో అక్కడి జట్టు లాజోంగ్ మీద. డ్రా చేస్తే చాలు.

ఆ రోజు ఆదివారం. మిజోరంలో ఆదివారం అంటే చర్చి. దుకాణాలు మూసేస్తారు, రోడ్లు బోసిపోతాయి. అలాంటి ఆదివారం వందల మంది అభిమానులు కొండ దారుల్లో గంటల కొద్దీ ప్రయాణం చేసి షిల్లాంగ్ చేరారు. తొమ్మిదో నిమిషంలోనే లాజోంగ్ ఆటగాడు దిపాందా గోల్ కొట్టాడు. అదే సాయంత్రం కోల్‌కతాలో చెన్నై సిటీ మీద బగాన్ ఆట. అది 2-1తో గెలిచేసింది. అంటే ఇక్కడ ఐజ్వాల్ సమం చేయాలి. గోల్ పడ్డాక దాదాపు గంట, ఒక్కటి రాలేదు. 67వ నిమిషంలో విలియం లాల్నున్‌ఫెలా కొట్టాడు, 1-1. మిగతా ఇరవై మూడు నిమిషాలు, పైన కలిపిన సమయం, ఎలా గడిచిందో ఆ గ్యాలరీలో కూర్చున్నవాళ్ళని అడగాలి.

ఈశాన్య రాష్ట్రాల నుంచి జాతీయ లీగ్ గెలిచిన మొదటి జట్టు. ఏడాది కింద దించేసిన జట్టు.

ఇంకో ముక్క చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆ ఏడాది పట్టికలో పదో స్థానం ఎవరిది? ముంబై ఎఫ్‌సీ. జమీల్ వదిలి వచ్చిన జట్టు.

[తెర మీద: సయ్యద్ అబ్దుల్ రహీం నలుపు తెలుపు ఫొటో]

ఆ సీజన్‌లో ఉత్తమ కోచ్ అవార్డు జమీల్‌కే వచ్చింది. ఆ అవార్డు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం అవార్డు. మన హైదరాబాద్ రహీం సాబే. సిటీ పోలీస్ జట్టుని నడిపి, 1956 ఒలింపిక్స్‌లో భారత్‌ని సెమీఫైనల్‌కి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన మనిషి. హైదరాబాద్ మైదానాల్లో పుట్టిన పేరు మిజోరం కొండల దాకా వెళ్ళింది, మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో మరి.

తర్వాత ఏమైంది? ఆ ఎండాకాలంలోనే జట్టు చెదిరిపోయింది. జమీల్, అల్-అమ్నా ఈస్ట్ బెంగాల్‌కి, కామో మోహన్ బగాన్‌కి. 2018 జనవరిలో ఆసియా ఛాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్‌కి ఇరాన్ వెళ్ళి జోబ్ ఆహన్ చేతిలో 3-1తో ఓడింది ఐజ్వాల్. రోయ్‌తే తర్వాత మిజోరం క్రీడా మంత్రి అయ్యాడు. జమీల్ 2025 ఆగస్టులో భారత జట్టుకి కోచ్ అయ్యాడు.

ఐజ్వాల్ గెలిచిన ఆ లీగ్? 2019లో ఐఎస్‌ఎల్‌ని అధికారికంగా పై లీగ్ చేశారు, ఐ-లీగ్ రెండో అంచెకి వెళ్ళింది. మైదానంలో దించలేకపోయినవాళ్ళని ఈసారి లీగ్‌తో సహా కిందికి దించారు.