రాకెట్టు కన్నా ముందు రిసీవరు

ఉపాధ్యాయులకు, సరదా కోసం, నేర్చుకోవడం కోసం రేడియో సంకేతాలు పంపుకునే, వినే అమెచ్యూర్ రేడియో మిత్రులకు, రాత్రుళ్లు మేలుకుని ఆకాశం చూసే ఔత్సాహికులకు నమస్కారం.

అంతరిక్షాన్ని బడిపిల్లల చెంతకు తేవాలనగానే మనకు సాధారణంగా రెండు ఆలోచనలు తోస్తాయి. రాకెట్టు ప్రయోగాన్ని పెద్ద తెర మీద చూపించడం ఒకటి. పిల్లల చేత ఒక చిన్న ఉపగ్రహం చేయించడం రెండోది. మొదటిదానిలో పిల్లలు ప్రేక్షకులు. రెండోదానిలో చాలాసార్లు వేరేవాళ్లు సిద్ధం చేసిన భాగాలకు మరలు బిగించి, ఫోటోలో నిలబడేవాళ్లు. రెండూ చెడ్డవని అనను. కానీ ఆకాశంలో ఇప్పటికే వేల ఉపగ్రహాలు తిరుగుతున్నాయి, వాటిలో కొన్ని ఎవరైనా వినగలిగే రేడియో సంకేతాలతో మాట్లాడుతున్నాయి. ముందు వాటిని పిల్లలు సొంతంగా పట్టుకోవాలి, కొలవాలి, లెక్క కట్టాలి. నేను ఈరోజు వాదించబోయేది ఇంతే.

1960ల్లో ఇంగ్లండులోని కెటరింగ్ గ్రామర్ స్కూల్లో జెఫ్రీ పెర్రీ అనే భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు ఉండేవారు. రసాయనశాస్త్రం చెప్పే డెరెక్ స్లేటర్‌కు రేడియో మీద మక్కువ. ఇద్దరూ పిల్లల్ని కూడగట్టుకుని సోవియట్ ఉపగ్రహాల సంకేతాలు వినేవారు. ఏ ఉపగ్రహం ఎన్ని గంటలకు వినిపించింది, ఎప్పుడు ఆగిపోయింది, రోజూ రాసిపెట్టేవారు. 1966 మార్చిలో కాస్మోస్ 112 అనే సోవియట్ ఉపగ్రహం ఎగిరింది. దాని దారి అప్పటికి లోకానికి తెలిసిన ప్రయోగకేంద్రంతో పొసగలేదు. ఆ ఏడాది ఎగిరిన మరికొన్ని ఉపగ్రహాల దారుల్ని కూడా భూపటం మీద గీసి చూస్తే, సోవియట్ దేశపు ఉత్తర భాగంలో ప్లెసెట్స్క్ దగ్గర ఒక కొత్త కేంద్రం ఉందని తేలింది. గూఢచారి సంస్థలకు ఆ సంగతి ముందే తెలిసి ఉండవచ్చు. ప్రజలకు చెప్పింది మాత్రం ఒక బడి. సోవియట్ ప్రభుత్వం ఆ కేంద్రం ఉందని బహిరంగంగా ఒప్పుకున్నది 1983లో!

వాళ్ల దగ్గర ఉన్నదేమిటి? ఒక రిసీవరు, ఒక గడియారం, ఒక పటం, విసుగు లేకుండా కొనసాగిన నమోదు పుస్తకం. ఆ పుస్తకమే అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. ఒక్కరోజు వింటే ముచ్చట. ఏళ్ల తరబడి విని రాసిపెడితే శాస్త్రం.

ఇప్పుడు మన తరగతి గదికి వద్దాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకు ఒక చుట్టు చొప్పున తిరుగుతోంది. అది మన నెత్తి మీదుగా వెళ్లినా, ఈ దిగంతం నుంచి ఆ దిగంతానికి దాటడం పది నిమిషాల పని. అందులోని అమెచ్యూర్ రేడియో 145.800 మెగాహెర్ట్జ్ మీద కొన్నిసార్లు వ్యోమగాముల మాటల్ని, కొన్నిసార్లు చిత్రాల్ని పంపుతుంది. కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో డాంగిల్, స్టీలు కొలత టేపు ముక్కలతో కట్టుకున్న యాంటెన్నా ఉంటే చాలు, సంకేతం తెర మీద గీతలా కనిపిస్తుంది. ఆ గీత నిటారుగా ఉండదు. కేంద్రం మన వైపు వస్తున్నప్పుడు పౌనఃపున్యం దాదాపు 3.5 కిలోహెర్ట్జ్ ఎక్కువగా, వెళ్లిపోతున్నప్పుడు దాదాపు అంతే తక్కువగా ఉంటుంది. కదలిక వల్ల పౌనఃపున్యం ఇలా మారడమే డాప్లర్ ప్రభావం, అది కళ్లెదుటే వంపు తిరుగుతుంది.

ఇక పిల్లల చేతికి కాగితం ఇవ్వండి. 145.800 మెగాహెర్ట్జ్ అంటే 1,45,800 కిలోహెర్ట్జ్. 3.5ను 1,45,800తో భాగించి, కాంతి వేగం సెకనుకు 3,00,000 కిలోమీటర్లతో గుణిస్తే సెకనుకు 7.2 కిలోమీటర్లు వస్తుంది. పుస్తకం మాత్రం కేంద్రం వేగం 7.66 అంటుంది. కొలత తప్పా, పుస్తకం తప్పా? దయచేసి ఇక్కడ తొందరపడి జవాబు చెప్పకండి. పిల్లల్నే కొట్టుకులాడనివ్వండి. దిగంతం దగ్గర కేంద్రం సూటిగా మన మీదికి రావడం లేదని, దాని దారికీ మన చూపుకీ మధ్య సుమారు 20 డిగ్రీల కోణం ఉందని ఎవరో ఒకరు బొమ్మ గీసి పట్టుకుంటారు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లను, దానికి 400 కలిపితే వచ్చే 6,771తో భాగిస్తే 0.94, అదే ఆ కోణపు కొసైను. దాన్ని 7.66తో గుణిస్తే మళ్లీ 7.2! త్రికోణమితి ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

వ్యోమగాములతో బడిపిల్లలు నేరుగా మాట్లాడే ఏర్పాటు కూడా ఉంది. ఎరిస్ అనే అంతర్జాతీయ బృందం దాన్ని నడుపుతోంది. తప్పకుండా దరఖాస్తు చేయండి. అయితే ఆ పది నిమిషాల కోసమే ఏడాదంతా ఎదురుచూడకండి. వినడం రేపే మొదలుపెట్టవచ్చు. సంకేతాలు పంపాలంటే లైసెన్సు కావాలి, వినడానికి చాలా దేశాల్లో అక్కర్లేదు. మీ దగ్గరి నిబంధనలు ఒకసారి చూసుకోండి.

ఉపగ్రహాలు తయారుచేసే సంస్థలవారితోనూ ఒక మాట. 1961 డిసెంబరు 12న ఆస్కార్-1 అనే అమెచ్యూర్ ఉపగ్రహం ఎగిరింది. రాకెట్టులో బరువు సరిచూడటానికి పెట్టే దిమ్మ స్థానంలో దానికి చోటు దొరికింది. బరువు 4.5 కిలోలు. చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే మోర్స్ కోడ్‌లో ‘హాయ్’ అని పలకరించడం ఒక్కటే దాని పని. కానీ లోపలి ఉష్ణోగ్రతను బట్టి ఆ పలకరింపు వేగం మారేది. అంటే భూమ్మీద వాచీ పెట్టుకుని వింటున్నవారు ఉపగ్రహం లోపల ఎంత వేడిగా ఉందో చెప్పగలిగేవారు. 28 దేశాల నుంచి 570 మందికి పైగా తాము విన్నది రాసి పంపారు. వినేవారిని దృష్టిలో పెట్టుకుని చేసిన రూపకల్పన అది. తర్వాత, 1999లో ఒక్కో పక్క 10 సెంటీమీటర్లుండే ఘనాకారపు చిన్న ఉపగ్రహం, క్యూబ్‌శాట్ నమూనా వచ్చి, ఉపగ్రహ నిర్మాణం విశ్వవిద్యాలయాలకు, కొన్ని బడులకు కూడా అందింది. సంతోషమే. అయితే పిల్లల పేరుతో పంపే ఉపగ్రహం ఏ పౌనఃపున్యం మీద మాట్లాడుతుందో, అది పంపే సమాచారాన్ని ఎలా విప్పి చదవాలో అందరికీ తెలిసేలా ప్రకటించకపోతే, అది కక్ష్యలోకి చేరిన మర్నాడే పిల్లలకు దూరమైపోతుంది.

ఔత్సాహికులకు నేను ప్రోత్సాహం చెప్పనక్కర్లేదు. నాసా 2005లో సంబంధాలు కోల్పోయిన ఇమేజ్ ఉపగ్రహం ఇంకా పలుకుతోందని 2018 జనవరిలో పట్టుకున్నది కెనడాకు చెందిన స్కాట్ టిల్లీ అనే ఔత్సాహికుడు. ఆయన అప్పుడు వెతుకుతున్నది వేరే ఉపగ్రహం కోసం! ఇలాంటి నైపుణ్యం మీలో చాలామందికి ఉంది. దాన్ని ఏటా ఒక ప్రదర్శన ఇచ్చి ఊరుకోవడానికి వాడకండి. ఒక్క బడిని ఎంచుకోండి. నెలనెలా వెళ్లండి. యాంటెన్నా మీరు కట్టి ఇవ్వకండి, పిల్లల్ని కట్టనివ్వండి, మొదటిది పనిచేయకపోయినా సరే. సూచనలన్నీ పిల్లలు చదువుకునే భాషలోనే రాసి గోడకు అంటించండి.

ఉపాధ్యాయులారా, మీరు చేయాల్సింది ఒక నోటుపుస్తకం తెరవడం. తేదీ, వినిపించిన సమయం, ఆగిన సమయం, పౌనఃపున్యం, విన్నవారి పేరు, ఈ ఐదు గడులు గీయండి. ఏమీ వినిపించని రోజు కూడా ఆ సంగతి రాయించండి. పదో తరగతి పిల్లలు వెళ్లిపోయేటప్పుడు ఆ పుస్తకాన్ని తొమ్మిదో తరగతి పిల్లల చేతికి ఇవ్వాలి.