ఉద్యోగం చేసుకుంటూ చెస్ చదవడం ఎలా

అందరికీ నమస్కారం.

ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఆన్‌లైన్‌లో 1200కీ 1600కీ మధ్య రేటింగ్‌తో ఆడేవాళ్లు, పగలంతా ఉద్యోగమో వ్యాపారమో చూసుకునేవాళ్లు. వారానికి ఆరు గంటలు దొరికితే గొప్ప. అందులో సింహభాగం ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల) వీడియోలకే పోతోంది. 2024 డిసెంబరు ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ జాబితాలో 2800 దాటిన మన వరంగల్ అర్జున్ ఎరిగైసి ఏ లైన్ (ఎత్తుల వరుస) ఆడాడో చూడటం ముచ్చటే. కాకపోతే దాన్ని చదువు ఖాతాలో రాసుకోకండి.

ఒక గేమ్ చూద్దాం. తెల్ల బంటు ఇ4, నల్ల బంటు ఇ5. గుర్రాలు ఎఫ్3, సి6. తెల్ల బిషప్ సి4. ఇప్పుడు నల్ల గుర్రం డి4కి దూకింది. ఇ5 బంటు అప్పనంగా దొరికినట్టే ఉంది. గుర్రంతో కొట్టగానే నల్ల క్వీన్ జి5కి వస్తుంది. ఇటు గుర్రం మీదా, అటు జి2 బంటు మీదా గురి. మనం గుర్రంతో ఎఫ్7 కొట్టి, క్వీన్‌కీ రూక్‌కీ ఫోర్క్ (ఒకే దెబ్బకు రెండిటి మీదా గురి) పెట్టామని సంబరపడతాం. క్వీన్ జి2 కొడుతుంది, మన రూక్ ఎఫ్1, క్వీన్ ఇ4 కొట్టి చెక్, మన బిషప్ ఇ2, వాళ్ల గుర్రం ఎఫ్3. మేట్!

ఇలా ఓడినవాళ్లు వెంటనే ఇటాలియన్ (ఇలా బిషప్‌ను సి4కి తెచ్చే ఓపెనింగ్) మీద కోర్సు కొంటారు. లోపం ఇటాలియన్‌లో లేదు. నాలుగో ఎత్తులో డి4 గుర్రాన్ని గుర్రంతోనే కొట్టేస్తే సరిపోయేది. ‘ఈ ఎత్తు ఎందుకు వేశాడు?’ అని అడగకపోవడమే ఇక్కడి తప్పు. తెల్లతో ఒక ఓపెనింగ్, నల్లతో ఇ4కి జవాబుగా ఒకటి, డి4కి ఒకటి. ఏడెనిమిది ఎత్తులూ, తర్వాత ఏ బంటు తోయాలో తెలిస్తే ఈ స్థాయికి ఓపెనింగ్ చాలు.

అసలు చదువు మీ గేముల్లోనే ఉంది. అందుకు ముందు చదవదగ్గ గేమ్ ఆడాలి. మూడు నిమిషాల బ్లిట్జ్‌లో ఆలోచనే ఉండదు, ఇక విశ్లేషించడానికేముంది? కనీసం 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. వారానికి అలాంటివి రెండు చాలు. టోర్నమెంట్‌లో అయితే స్కోర్‌షీట్ (ఎత్తులు రాసుకునే కాగితం) మీద ఎత్తు పక్కనే గడియారంలో మిగిలిన టైమ్ రాసుకోండి. నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి.

గేమ్ అయిన రోజే, ఇంజిన్ (ఎత్తులను లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్) తెరవకుండా ఓ అరగంట కూర్చోండి. ఎక్కువసేపు ఆలోచించిన చోటు, ఎదుటివాళ్ల ఎత్తుకు ఉలిక్కిపడ్డ చోటు, గేమ్ చెయ్యి జారిందనిపించిన చోటు గుర్తుపెట్టండి. అప్పుడు బుర్రలో ఏం నడిచిందో రాయండి. ఆ తర్వాతే ఇంజిన్. ముందే తెరిస్తే, అది చూపించిన ప్రతి ఎత్తూ ‘అవును, నాకూ తట్టింది’ అనిపిస్తుంది. చివరికి ఒక్కటీ ఒంటబట్టదు. ఇంజిన్ ఇచ్చే అంచనాలో (అందులో ఒక పాయింట్ అంటే దాదాపు ఒక బంటు విలువ) 0.3, 0.4 తేడాలను వదిలేయండి. ఒక్క ఎత్తుతో రెండు పాయింట్లు పడిపోయిన చోట ఆగి, కారణం ఒక్క ముక్కలో రాయండి: చూడనే లేదు, చూసి లెక్క తప్పాను, టైమ్ లేదు, ఏం చేయాలో తోచలేదు. ఇరవై గేములయ్యాక నోట్‌బుక్ తిరగేస్తే మీ జబ్బేమిటో మీకే తెలుస్తుంది. ఈ స్థాయిలో చాలామందికి మొదటి కారణమే మిగతా అన్నిటినీ మించి ఉంటుంది.

దానికి మందు పజిల్స్. కానీ తోచిన ఎత్తు వేసి, తప్పయితే ఇంకోటి వేసే పద్ధతిలో రేటింగ్ అంకె తప్ప ఏమీ పెరగదు. పదింట ఎనిమిదో తొమ్మిదో సరిగ్గా వచ్చేంత తేలికైనవి తీసుకుని, ఎదుటివాళ్ల గట్టి జవాబు దాకా లెక్క చూసుకున్నాకే ఎత్తు కదపండి. రోజుకు పావుగంట. ఇందులో ఓ చిక్కుంది. పజిల్ అంటేనే ఏదో దాగుందని ముందే తెలుసు, బోర్డు దగ్గర ఆ సంగతి ఎవరూ చెప్పరు. అందుకే మీ గేముల్లో తప్పిపోయిన పొజిషన్లను విడిగా దాచుకుని, ఏమీ దొరకని పొజిషన్లు కొన్ని వాటిలో కలిపి, నెలకోసారి తిరగేయండి.

ఎండ్‌గేమ్‌లో (పావులు కొన్నే మిగిలిన ఆఖరి దశలో) మొదట నేర్చుకోవాల్సింది రాజు, బంటు. తెల్ల రాజు డి5లో, బంటు ఇ6లో, నల్ల రాజు ఇ7లో ఉన్నాయి. ఇప్పుడు ఎత్తు నల్లది. ఎటు వెనక్కి తగ్గాలి? తిన్నగా ఇ8కే. తెల్ల రాజు డి6కి వస్తే నల్ల రాజు డి8లో ఎదురు నిలుస్తుంది. బంటు ఇ7కి వచ్చి చెక్ ఇస్తే రాజు మళ్లీ ఇ8. బంటును కాపాడటానికి తెల్ల రాజు ఇ6కి వస్తే స్టేల్‌మేట్ (చెక్ లేదు, కదపడానికి ఎత్తూ లేదు), రాకపోతే బంటు పోతుంది. ఎలాగైనా డ్రానే. అదే మొదట్లో డి8కి తగ్గితే తెల్ల రాజు డి6కి వస్తుంది, బంటును ఆపాలంటే నల్ల రాజు ఇ8కి వెళ్లక తప్పదు, బంటు చెక్ లేకుండా ఇ7కి చేరుతుంది. ఇక నల్ల రాజుకు ఎఫ్7 తప్ప గతి లేదు, తెల్ల రాజు డి7, బంటు క్వీన్. ఒక్క గడి తేడాతో అర పాయింట్ పోయింది. దీన్ని చదివి వదిలేయకండి. నల్ల వైపు కూర్చుని, గడియారంలో రెండు నిమిషాలు పెట్టుకుని కంప్యూటర్ మీద ఆడండి. తడబడకుండా డ్రా చేయగలిగాకే రూక్ ఎండింగ్‌లకు వెళ్లండి. వాటిలో ముందు లుసేనా, ఫిలిడార్ అనే రెండు పొజిషన్లు.

రేటింగ్ గురించి ఒక మాట. ఫిడే లెక్కలో, 30 రేటెడ్ గేములు దాటి, 2400 ఎన్నడూ అందుకోని పెద్దవాళ్లకు కె (ఒక గేమ్‌తో రేటింగ్ ఎంత మారాలో తేల్చే గుణకం) 20. సమాన రేటింగ్ ఉన్నవాళ్ల మీద గెలిస్తే 10 పాయింట్లు వస్తాయి. 2300 లోపు ఉన్న 18 ఏళ్ల లోపు పిల్లలకు కె 40, అదే గెలుపుకు 20. అయినా వాళ్లు నేర్చుకునే వేగాన్ని ఆ అంకె అందుకోలేదు. ఎదుట కూర్చున్న పదేళ్ల పాప రేటింగ్ 1450 అని చూసి తేలిగ్గా ఆడితే మిగిలేది స్కోర్‌షీటే. ఆ గేమ్ కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కించండి.