కడుపుతో ఉండి యూకే పోతున్నరా? ఎన్‌హెచ్‌ఎస్‌ల కాన్పు ఎవరికి ఫ్రీ, పోయినంక ఏం చేయాలె

నమస్తే. నెల తప్పినంక యూకే వీసా చేతికొచ్చిన అక్కచెల్లెండ్లు, వాళ్లను సాగనంపే అమ్మలు, అత్తమ్మలు, ఈ వీడియో మీ కోసం. మిర్యాలగూడలనైనా, జడ్చర్లలనైనా ఇట్లాంటి ఇంట్ల ముందుగ లేచే మాట ఒకటే. "ఆ దేశంల కాన్పంటే లక్షలకు లక్షలు అయితయంట కదా, ఇక్కడనే కాన్పు చేసి, బిడ్డకు మూడో నెల వచ్చినంక పంపుదామా?" దీనికి జవాబు మీకు ఎన్నో నెలనో చూసి చెప్పేది కాదు. మీరు ఏ వీసా మీద పోతున్నరో చూసి చెప్పేది.

ఎన్‌హెచ్‌ఎస్ అంటే అక్కడి సర్కారు దవాఖానల వ్యవస్థ. ఆరు నెలలు దాటి ఉండే వీసాకు అప్లై చేసేటప్పుడే ఐహెచ్‌ఎస్ అని ఒక ఫీజు కట్టించుకుంటరు. 2024 ఫిబ్రవరి 6 నుంచి అది పెద్దోళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు. స్టూడెంట్లకు, 18 ఏండ్ల లోపు పిల్లలకు 776 పౌండ్లు. వీసా ఎన్నేండ్లదైతే అన్నేండ్లకు ఒక్కసారే కట్టాలె. భర్తది మూడేండ్ల స్కిల్డ్ వర్కర్ వీసా అనుకోండి, వెంట పోయే భార్య పేరు మీద 3,105 పౌండ్లు ముందే కట్టేసిండ్రు. ఆ పైసలల్ల కాన్పు కూడ ఉన్నది. స్కానింగులు, రక్తపరీక్షలు, మామూలు కాన్పు, పెద్ద ఆపరేషన్, కాన్పయినంక ఇంటికొచ్చి చూసే మిడ్‌వైఫ్ (కాన్పులు చూసే నర్సమ్మ), అన్నీ అందులనే. కడుపు ఇక్కడ వచ్చిందా, అక్కడికి పోయినంక వచ్చిందా అని ఎవరూ అడగరు. ప్రైవేటు ఇన్సూరెన్సుల లెక్క "ఇన్ని నెలలు ఆగితేనే కాన్పు ఖర్చు ఇస్తం" అనేది లేదు. వీసా మొదలైన రోజు నుంచే మీ హక్కు మొదలైతది. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద పోయేటోళ్లకు ఐహెచ్‌ఎస్ కట్టే పని లేదు, కానీ వైద్యం మాత్రం ఇదే. ఇంగ్లండుల దీంట్ల రానిది ఒకటి ఉన్నది: ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్స.

విజిట్ వీసా సంగతి వేరే. దాని మీద ఐహెచ్‌ఎస్ కట్టరు కాబట్టి కాన్పు ఫ్రీ కాదు. ఎన్‌హెచ్‌ఎస్‌కు అయ్యే ఖర్చుకు ఒకటిన్నర రెట్లు, అంటే 150 శాతం బిల్లు వేస్తరు. పైసలు లేవని కాన్పుకు వచ్చిన మనిషిని వాపస్ పంపరు, చూసుడు ఆలస్యం చేయరు. అది వాళ్ల రూలు. కానీ బిల్లు మాత్రం వస్తది. 500 పౌండ్లు, ఆపైన బాకీ రెండు నెలలు అట్లనే ఉంటే వీసాలు చూసే హోమ్ ఆఫీసుకు చెప్తరు, రేపటి వీసాకు అది అడ్డం పడొచ్చు. "ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకున్నం కదా" అంటరు. ఆ పాలసీలు చాలామట్టుకు మామూలు కాన్పు ఖర్చు ఇయ్యవు, షరతుల కాగితం తీసి చదవండి. మేం గట్టిగ చెప్పే మాట ఇది: విజిట్ వీసా మీద పోయి కాన్పు పెట్టుకోవద్దు.

ఇంకో భయం. వీసా షరతులల్ల "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" అని ఉంటది. అది చూసి కొంతమంది దవాఖానకే పోకుంట ఆగుతరు. సర్కారు సొమ్ము ముట్టొద్దని కదా దాని అర్థం అని. చైల్డ్ బెనిఫిట్, యూనివర్సల్ క్రెడిట్ లాంటి సర్కారు సాయం పైసలు ముట్టొద్దు, నిజమే. కానీ ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం ఆ లెక్కల రాదు. మీరు కొలువు చేస్తుంటే కంపెనీ ఇచ్చే మెటర్నిటీ పే కూడ ఆ లెక్కల రాదు. ఈ ఒక్క భయంతోని చెకప్‌లు పోగొట్టుకోకండి.

బయలుదేరక ముందు టీబీ పరీక్ష ఉంటది. మన దేశం నుంచి ఆరు నెలలు దాటి ఉండేటందుకు పోయేటోళ్లు యూకే ఒప్పుకున్న సెంటర్ల సర్టిఫికెట్ తీసుకోవాలె. హైదరాబాద్‌ల ఉన్నది. అది ఆరు నెలలు చెల్లుతది. అక్కడ ఛాతీ ఎక్స్‌రే తీస్తరు, అందుకే కౌంటర్ కాడనే "నేను కడుపుతో ఉన్న" అని చెప్పాలె. పొట్టకు కవచం కట్టి ఎక్స్‌రే తీయించుకోవచ్చు, లేదంటే తెమడ పరీక్ష అడగొచ్చు. తెమడ పరీక్షకు రిజల్టు రావటానికి రెండు నెలల దాకా పడుతది. ఐదో నెలల ఇది ఎంచుకుంటే ఏడో నెల దగ్గరికొస్తది. తర్వాత వీసా, తర్వాత టికెట్. 28 వారాలు దాటినంక డాక్టరమ్మ చీటీ లేకుంటే చాలా ఎయిర్‌లైన్లు ఎక్కించుకోవు. ఒక్క బిడ్డ అయితే 37 వారాలు, కవలలైతే 32 వారాలు దాటినంక ప్రయాణమే వద్దంటరు. ఈ లెక్క ముందే వేసుకుంటే, ఇక్కడనే కాన్పు చేసుకునుడా, అక్కడికి పోవుడా అనేది అప్పుడే తేలుతది.

ఇగ సంచిల ఏం పెట్టుకోవాలె? పచ్చళ్లు, పొడులు అందరూ పెడుతరు. మర్చిపోయేది మాతా శిశు సంరక్షణ కార్డు. ఏఎన్ఎం ఇచ్చిన ఆ కార్డుల మీ ఆఖరి నెలసరి తారీకు, బరువు, బీపీ, ధనుర్వాతం సూదులు ఏ రోజు పడ్డయో, అన్నీ ఉంటయి. దాంతోపాటు మొదటి స్కానింగు రిపోర్టు, బ్లడ్ గ్రూపు కాగితం, థైరాయిడ్, షుగరు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ రిపోర్టులు. అన్నీ ఫోన్ల ఫొటోలు కూడ తీసుకోండి. తొలికాన్పు ఆపరేషన్ అయ్యుంటే డిశ్చార్జి సమ్మరీ తప్పకుంట కావాలె. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్) తెలంగాణల 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే అని తేలింది, కాబట్టి ఇది చానామందికి పనికొచ్చే మాట. గర్భసంచిని ఎట్ల కోసిండ్రు, ఎందుకు కోసిండ్రు అనేది ఆ కాగితంల ఉంటేనే అక్కడి డాక్టరు ఈసారి మామూలు కాన్పుకు చూడొచ్చా లేదా అని ధైర్యంగ చెప్పగలరు.

రిపోర్టులు చదివే కాడ ఒక చిక్కు ఉన్నది. మన దగ్గర షుగరు 140 అంటం. అక్కడ 7.8 అంటరు. రెండూ ఒక్కటే, మన అంకెను 18తోని భాగించాలె. రక్తం మన దగ్గర 10.5 అంటే అక్కడ 105. "ఏందమ్మా 105 ఉన్నది" అని ఫోన్ల ఇంట్లోళ్లు సంబురపడుతరు. కానీ అది మన 10.5నే, అంటే రక్తం తక్కువ అనే గీత మీదనే ఉన్నది. నెలల లెక్క కూడ అంతే. అక్కడ "ఎన్నో నెల" అనరు, "ఎన్నో వారం" అంటరు. మీ నోట్సుల 24+3 అని రాసి ఉంటే 24 వారాల మూడు రోజులు అని. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. మీరు "ఆరో నెల" అని చెప్తే వాళ్లకు ఏ వారమో అర్థం కాదు, పరీక్ష తప్పిపోతది.

దిగినంక మొదటి వారంలనే జీపీ దగ్గర పేరు రాయించుకోండి. జీపీ అంటే మీ ఉండే జాగకు ఉన్న డాక్టరు దుకాణం అనుకోండి. ఇంగ్లండుల పేరు రాయించుకోనీకి ఐడీ, అడ్రసు ప్రూఫ్, వీసా కాగితం, ఏదీ తప్పనిసరి కాదు. ఉంటే చూపెట్టండి, పని సులువైతది. లేకున్నా ఆ కారణంతోని కాదనొద్దు. "కరెంటు బిల్లు తెచ్చుకోండి" అని రిసెప్షన్ల అంటే, మనోళ్లు రెంటు అగ్రిమెంటు వచ్చేదాక నెల రోజులు ఊకుంటరు. ఊకోవద్దు. "ఎందుకు తీసుకుంటలేరో రాసి ఇయ్యండి" అని మర్యాదగ అడగండి. రాసి ఇచ్చుడు వాళ్ల బాధ్యత. జాగ లేకుంటే, మీ ఇల్లు వాళ్ల ఏరియాల లేకుంటే కాదనొచ్చు, అప్పుడు పక్కనున్న ఇంకో జీపీ దగ్గరికి పోండి.

ఆ ఫారంల పేరు పాస్‌పోర్టుల ఎట్ల ఉంటే అట్లనే, అక్షరం కూడ మారకుంట రాయండి. ఇంటిపేరు ముందు రాసుడు మన అలవాటు. పెండ్లయినంక భర్త ఇంటిపేరు చెప్పుడు ఇంకో అలవాటు. జీపీ దగ్గర ఒక తీరు, దవాఖానల ఒక తీరు చెప్తే ఒకే మనిషికి రెండు రికార్డులు తయారైతయి, రక్తపరీక్ష ఒకదాంట్ల, స్కానింగు ఇంకోదాంట్ల పడుతది. పది అంకెల ఎన్‌హెచ్‌ఎస్ నంబర్ వచ్చినంక దాన్నే ప్రతి చోట చెప్పండి. ఫారంల "యూకేకు ఉండనీకి వచ్చిన తారీకు" అని గడి ఉంటది, అది ఖాళీ పెట్టకండి.

జీపీ కోసం ఎదురుచూడకుంట ఇంకో పని చేయొచ్చు. దగ్గరి దవాఖాన వెబ్‌సైటుల మెటర్నిటీ సెల్ఫ్ రిఫరల్ ఫారం ఉంటది, మీరే నింపితే మిడ్‌వైఫే ఫోన్ చేస్తది. మొదటి భేటీ 10 వారాల లోపల కావాలె. ఎందుకంటే థలసీమియా, సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి బిడ్డకొచ్చే రక్తం జబ్బులు) రక్తపరీక్ష ఆ లోపల చేస్తేనే, తల్లిల ఆ లక్షణం కనపడితే తండ్రిని పరీక్షించి మీకు చెప్పనీకి టైము ఉంటది. మేనరికాలు ఉన్న ఇండ్లల్ల ఈ పరీక్షను అస్సలు తేలికగ తీసుకోవద్దు. మీరు 20 వారాలకు పోయినా తలుపు మూయరు, ఎక్కడ ఉన్నరో అక్కడి నుంచి అందుకుంటరు. వచ్చిన రోజే చెప్పండి అంతే.

కాన్పు దాకా చూసేది మిడ్‌వైఫ్. దీనికి మనోళ్లు నారాజ్ అయితరు. "డాక్టరమ్మ చెయ్యి పట్టి కూడ చూడలేదు" అని. ఏ ఇబ్బందీ లేని కడుపును మిడ్‌వైఫే చూస్తది, కష్టం కనపడితేనే డాక్టరు దగ్గరికి పంపుతది. తొలికాన్పుకు పది భేటీల దాకా, తర్వాతి కాన్పుకు ఏడు. స్కానింగులు మామూలుగ రెండే, 11 నుంచి 14 వారాల మధ్యల ఒకటి, 20 వారాల దగ్గర ఒకటి. నెలనెలా స్కానింగు లేదంటే నిర్లక్ష్యం అని కాదు. 20 వారాల స్కానింగుల మీరు అడిగితే ఆడపిల్లనా మగపిల్లగాడా చెప్పే దవాఖానలు ఉన్నయి, అక్కడ అది నేరం కాదు. అయినా మీరు అడగకండి అనేదే మా మాట.

మన దేశపోళ్లకు షుగరు వచ్చే అవకాశం ఎక్కువని 24 నుంచి 28 వారాల మధ్యల 75 గ్రాముల గ్లూకోజు తాపి పరీక్ష చేస్తరు. మన సర్కారు దవాఖానల తిని పోయినా తాపుతరు, అక్కడ మాత్రం రాత్రి నుంచి ఏం తినకుంట పోవాలె. పొద్దున చాయ్ తాగి పోతే ఆ రోజు పరీక్ష వృథా, ఇంకో తారీకు దొరకాలె. పరగడుపున 5.6, రెండు గంటలకు 7.8, ఈ రెండింట్ల ఏది ముట్టినా షుగరు ఉన్నట్టే లెక్క. అన్నం తగ్గించమని ఒక చార్టు ఇస్తరు. దాంట్ల జొన్నరొట్టె ఉండదు. మీరు తినేది జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర అని డైటీషియన్‌కు చెప్పండి, లెక్క కట్టి ఇస్తరు. తెలుగు దుబాసీ కావాల్నంటే ముందే అడగండి, ఫ్రీగ పెడుతరు. భర్తను దుబాసీగ పెట్టుకోవద్దు, కొన్ని మాటలు ఆయన ముంగట మీరు చెప్పలేరు. మందుల చీటీకి ఇంగ్లండుల ఒక్కో మందుకు 9.90 పౌండ్లు ఉంటది. కడుపుతో ఉన్నోళ్లకు మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ చేస్తే ఏమీ లేదు, కాన్పు అనుకున్న తారీకు తర్వాత ఏడాది దాకా చెల్లుతది. పండ్ల డాక్టరు కూడ ఫ్రీ. మిడ్‌వైఫ్‌ను అడగకుంటే ఆ సర్టిఫికెట్ సంగతి ఎత్తరు ఒక్కోసారి, మీరే అడగండి.

దవాఖాన నుంచి "మీ వీసా వివరాలు చెప్పండి" అని ఉత్తరం రావొచ్చు. భయపడి పక్కకు పెట్టకండి. ఈవీసా షేర్ కోడ్ (మీ ఆన్‌లైన్ వీసాను వాళ్లు చూసుకునే కోడ్) పంపితే అయిపోతది. జవాబు ఇయ్యకుంటేనే బిల్లు పుడుతది. భర్త కొలువు పోయి వీసా గడువు తగ్గిస్తే, గడువు తీరకముందే కొత్త అప్లికేషన్ పడాలె. ఒక్క రోజు దాటినా ఆ తర్వాతి వైద్యానికి పైసలు అడగొచ్చు.

పురుడు చూసుకోనీకి అమ్మ వస్తది. అమ్మది విజిట్ వీసా, ఐహెచ్‌ఎస్ లేదు. జీపీని చూపెట్టుకోవచ్చు, ఎమర్జెన్సీ వార్డుల చూసుడు ఫ్రీనే. కానీ అడ్మిట్ చేస్తే బిల్లు మొదలైతది. కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్సు నిజంగ కావాల్సింది అమ్మకే, ఆమె బీపీ, షుగరు దాయకుంట రాయించి తీసుకోవాలె. గోలీలు చీటీతోని సహా మొత్తం రోజులకు సరిపోను తెచ్చుకోవాలె.

బిడ్డ పుట్టినంక తారీకులు చూసుకోవాలె. అక్కడ పుట్టినంత మాత్రాన బ్రిటిష్ పౌరసత్వం రాదు. తల్లిదండ్రులల్ల ఒకరన్న అక్కడి పౌరులు గానీ, శాశ్వత నివాసం ఉన్నోళ్లు గానీ కావాలె. తల్లి ఐహెచ్‌ఎస్ కట్టి ఉంటే బిడ్డకు మూడు నెలల దాకా ఎన్‌హెచ్‌ఎస్ ఫ్రీ. కానీ ఆ లోపల బిడ్డను దేశం దాటించొద్దు. ఇంగ్లండుల అయితే 42 రోజులల్ల పుట్టుక రిజిస్టర్ చేయించి, పూర్తి వివరాలున్న పెద్ద సర్టిఫికెట్ తీసుకోండి, తల్లిదండ్రుల పేర్లు దాంట్లనే ఉంటయి. దాంతోని భారత హైకమిషన్‌ల పుట్టుక నమోదు, పాస్‌పోర్టు, ఆ పాస్‌పోర్టుతోని డిపెండెంట్ వీసా. పాస్‌పోర్టుకు వారాలు పడుతది కాబట్టి బాలింత లేవలేకున్నా, భర్త రెండో వారంలనే కాగితాల పని మొదలువెట్టాలె. బీసీజీ టీకా మన దగ్గర పుట్టిన దినమే వేస్తరు, అక్కడ సుమారు నాలుగు వారాలకు. అమ్మమ్మ, తాత ఇండియాల పుట్టినోళ్లైతే ఆ టీకా బిడ్డకు ఇయ్యాలె. పిలుపు రాకుంటే హెల్త్ విజిటర్‌ను (పసిబిడ్డలను చూసే నర్సమ్మను) అడగండి. మిగతా టీకాలు మన దగ్గర ఆరో వారంల మొదలైతయి, అక్కడ ఎనిమిదో వారంల. బిడ్డకు ఇచ్చే ఎర్ర పుస్తకంల ప్రతి టీకా ఎక్కించుకోండి. ఆ పుస్తకం ఊరికి వచ్చేటప్పుడు చేతి సంచిలనే పెట్టుకోవాలె, పెద్ద పెట్టెల వేయొద్దు.