బడ్డీ రాకముందు మెమరీ పంచేదెవరు?

సభకు నమస్కారం.

నడుస్తున్న లినక్స్ కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, పేజీలనే మెమరీ ముక్కలను అడిగినవారికి పంచేది బడ్డీ అలొకేటర్ అని మీకు తెలుసు. అయితే ఆ బడ్డీ పని మొదలుపెట్టాలన్నా ముందు కొంత మెమరీ కావాలి. 4 కేబీల పేజీ ఒక్కొక్కదానికీ స్ట్రక్ట్ పేజ్ అనే నమోదు ఉండాలి. 64-బిట్ యంత్రాల్లో అది మామూలుగా 64 బైట్లు. 16 జీబీ ర్యామ్‌లో పేజీలు దాదాపు 42 లక్షలు, వాటి నమోదులకే 256 ఎంబీ. ఆ 256 ఎంబీ ఎవరివ్వాలి? చెట్టు ముందా, విత్తు ముందా అన్న ఈ చిక్కును విప్పేదే తొలి బూట్ అలొకేటర్.

ఒకప్పుడు ఈ పని బూట్‌మెమ్ చేసేది. ఏ పేజీ ఖాళీయో గుర్తుపెట్టుకోవడానికి పేజీకి ఒక బిట్ లెక్కన మనం చెప్పుకున్న యంత్రానికి 512 కేబీల బిట్‌మ్యాప్ కావాలి, దాన్ని ఎక్కడ ఉంచాలో మళ్లీ ముందే తేల్చుకోవాలి. అంటే చిక్కు చిన్నదయిందే తప్ప తీరలేదు. పవర్‌పీసీ ప్రాసెసర్ల వైపు నుంచి వచ్చిన ఎల్‌ఎంబీ అనే మరో తొలి అలొకేటర్ 2010లో మెమ్‌బ్లాక్‌గా పేరు మార్చుకుంది. 2018 డిసెంబరులో వచ్చిన లినక్స్ 4.20తో బూట్‌మెమ్ పూర్తిగా తప్పుకుంది.

మెమ్‌బ్లాక్‌లో ప్రధానంగా ఉన్నవి రెండు పట్టికలు: ఒకటి ఉన్న మెమరీది, రెండోది ముట్టకూడనిది. మొదట్లో ఒక్కోదానికి 128 వరుసల చోటు కెర్నల్ ఇమేజ్‌లోనే ఉంటుంది కాబట్టి ఎవరినీ అడగనక్కర్లేదు. మొదటి పట్టికలో ఉండి రెండోదాంట్లో లేని చోటు వెతికి, దాన్ని రెండోదాంట్లో రాయడమే కేటాయింపు. పట్టిక నిండితే తనకు తానే మెమరీ కేటాయించుకుని రెట్టింపవుతుంది. ఆ కోడ్ చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

నా దృష్టిలో అసలు విద్య ఇవ్వడంలో లేదు, ఇవ్వకూడనిదాన్ని ముందే రాసిపెట్టడంలో ఉంది. ఒక బోర్డుకు కెర్నల్‌ను పోర్ట్ చేస్తూ, ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో కెర్నల్ వాడుకునే తాత్కాలిక ఫైళ్ల మూట) ఉన్న చోటును రిజర్వ్ చేయడం, అంటే రెండో పట్టికలో రాయడం, నేను మరిచిపోయాను. కెర్నల్‌ను మెమరీలోకి ఎక్కించే బూట్‌లోడర్ దాన్ని ర్యామ్ పైఅంచుకు దగ్గరగా పెట్టింది. మెమ్‌బ్లాకేమో మామూలుగా పైనుంచే కిందికి వెతుకుతుంది. ఫలితంగా కెర్నల్ చిరునామాల లెక్క ఉంచే పేజీ టేబుళ్లు ఇనిట్‌ఆర్‌డీ మీదే వచ్చి పడ్డాయి, కెర్నల్ మాత్రం ఇనిట్‌ఆర్‌డీ పాడైందని చెప్పి ఆగిపోయేది. రెండు రోజులు ఫైలునే అనుమానించి మళ్లీ మళ్లీ తయారుచేశాను. చివరికి బూట్‌లో కెర్నల్‌కిచ్చే కమాండ్ లైన్‌లో మెమ్‌బ్లాక్ డీబగ్ (memblock=debug) పెడితే, ప్రతి కేటాయింపూ దాన్ని అడిగిన ఫంక్షన్ పేరుతో సహా కనిపించింది. తప్పిపోయిన వరుసను పట్టుకోవడానికి పది నిమిషాలు పట్టలేదు.

పని ముగిశాక మెమ్‌బ్లాక్ మిగిలిన పేజీలన్నిటినీ బడ్డీకి అప్పగిస్తుంది. ఆర్మ్64లో, అంటే 64-బిట్ ఆర్మ్ ప్రాసెసర్లలో, మాత్రం దాని పట్టికలను పారేయరు. ఫలానా చిరునామాలో ఉన్నది ర్యామేనా అని బూట్ అయిన తర్వాత కూడా కెర్నల్ వాటినే అడుగుతుంది.