‘స్కోరెంత సార్?’

(మండల స్థాయి పాఠశాల క్రీడోత్సవ ప్రారంభ సభలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)

వేదికపైనున్న పెద్దలకు, తోటి వ్యాయామ ఉపాధ్యాయులకు, ఎండలో వరుసలు కట్టి నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పెద్దలను పేరుపేరునా సంబోధించడం మర్యాదే గానీ, నాకిచ్చిన పది నిమిషాలూ అందుకే సరిపోతాయి. ముందు పిల్లలను కూర్చోమనండి. క్రీడాస్ఫూర్తి గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడాదీ ఆ నాలుగు మాటలు చెబుతూనే వచ్చాను. ఈ రోజు వాటిని పక్కన పెట్టి, నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పదలచుకున్నాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. ఇలాంటి పోటీల్లోనే కబడ్డీ ఫైనల్. తొమ్మిదో తరగతి చదివే మా కుర్రాడొకడు కూతకు వెళ్ళి, బోనస్ గీత దాటి వెనక్కి తిరిగే క్షణంలో, ఎదుటి జట్టు పిల్లవాడి మోకాలు వాడి కుడి కణతకు బలంగా తగిలింది. పడ్డాడు, కాసేపు కదలలేదు. మేము పరుగెత్తుకొని వెళ్ళేసరికి లేచి కూర్చున్నాడు. ముఖాన నీళ్ళు చల్లి “ఎట్లుందిరా?” అంటే “ఏం గాలే సార్” అన్నాడు. తర్వాత “స్కోరెంత సార్?” అని అడిగాడు. చెప్పాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను. మూడోసారి అడిగేసరికి స్కోరరు బల్ల దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. రిజర్వులో ఐదుగురు పిల్లలు ఎప్పుడు పిలుస్తానా అని నా వైపే చూస్తూ కూర్చుని ఉండగా, వాణ్ణే మళ్ళీ కోర్టులోకి పంపాను. రెండు పాయింట్ల తేడాతో గెలిచాం.

తిరుగు ప్రయాణంలో ఆటోలో వాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మధ్యాహ్నం తిన్న మిర్చి బజ్జీలు పడలేదనుకున్నాం. ఇంటి దగ్గర తల్లి బొప్పి చూసి భయపడితే, దెబ్బ పైకి పొంగింది కనుక లోపలికేమీ కాలేదని ఇరుగుపొరుగువారు ధైర్యం చెప్పి పసుపు పట్టు వేయించారు. ఊళ్ళో ఉన్న ఆర్‌ఎంపీ వాంతులు ఆగడానికి సూది వేశాడు. రాత్రి పదకొండు గంటలప్పుడు ఆ తల్లి ఎంత తట్టి లేపినా వాడు లేవలేదు. జీపు మాట్లాడుకొని పట్నంలోని ఆసుపత్రికి తీసుకువెళితే, తెల్లవారేలోగా పుర్రె తెరిచి రక్తపు గడ్డ తీశారు. బతికాడు. కానీ ఒక ఏడాది చదువు పోయింది, ఎడమ చేతికి మునుపటి పట్టు తిరిగి రాలేదు.

వాడికి ఏం జరిగిందో తర్వాత ఆసుపత్రి వరండాలో డాక్టరుగారు నాకు విడమరిచి చెప్పారు. కణత దగ్గర పుర్రె ఎముక పల్చగా ఉంటుంది. దాని లోపలి వైపును ఆనుకొని ఒక ధమని పోతుంది. ఎముక చిట్లి ఆ ధమని తెగితే రక్తం పుర్రెకూ మెదడు పొరకూ మధ్య చేరుతూ, చోటు చాలక మెదడును నొక్కడం మొదలుపెడుతుంది. ఆ ఒత్తిడి పెరగడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. ఈలోగా మనిషి లేచి నడుస్తాడు, మాట్లాడతాడు, కబడ్డీ కూడా ఆడతాడు. మన పెద్దలు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు, మూగదెబ్బ అని. పేరు పెట్టిన మనమే బొప్పిని చూసి నిశ్చింతగా పడుకుంటున్నాం.

ఇది పల్లెటూరి అజ్ఞానమనుకోకండి. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో జరిగిన ఒక క్లబ్ క్రికెట్ మ్యాచ్‌లో హెల్మెట్ లేకుండా, బ్యాటరుకు అతి దగ్గరగా ఉండే షార్ట్‌లెగ్‌లో నిలబడ్డ రమణ్ లాంబా తలకు బంతి తగిలింది. మన దేశానికి టెస్టులు ఆడిన ఆ మనిషి తన కాళ్ళ మీదే నడిచి మైదానం దాటాడు. మూడు రోజులకు చనిపోయాడు. అప్పటికి వయసు 38.

రక్తస్రావం ప్రతి దెబ్బకూ జరగదు. చాలామందికి జరిగేది కంకషన్, అంటే మెదడు అదిరి, కొన్నాళ్ళు దాని పని తీరు దెబ్బతినడం. ఇది సీటీ స్కాన్‌లో కనబడదు, కాబట్టి స్కాన్ నార్మల్ అనగానే మర్నాడే పిల్లవాణ్ణి ఆటకు దించకూడదు. స్పృహ తప్పితేనే కంకషన్ అన్న మాటా తప్పే, చాలామందికి స్పృహ తప్పనే తప్పదు. లక్షణాలు ఆలస్యంగానూ బయటపడతాయి. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బంతి మెడకు తగిలి కూలిపోయిన ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్, పరీక్షల్లో నెగ్గి మళ్ళీ క్రీజులోకి వచ్చి 92 పరుగుల దగ్గర ఔటయ్యాడు. మర్నాడు ఉదయానికి గాని తలనొప్పి, మగత బయటపడలేదు. ఆ నెల ఒకటో తేదీనే అమల్లోకి వచ్చిన కంకషన్ సబ్‌స్టిట్యూట్ నిబంధన కింద అతని బదులు లబుషేన్ బ్యాటు పట్టాడు. పక్కనే డాక్టరున్న ఆటగాడి పరిస్థితే అదైతే, అయొడిన్ సీసా, దూది తప్ప మరేమీ లేని మన పెట్టెలతో మనం ఎవరిని పరీక్షించగలం?

ఉపాధ్యాయ మిత్రులారా, మీరు రోగ నిర్ధారణ చేయనక్కరలేదు. దెబ్బ తిన్న తలనే సాక్ష్యం అడగకండి, అంతే. అడిగిన మాటే అడుగుతున్నా, మళ్ళీ మళ్ళీ వాంతి చేసుకుంటున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, ఫిట్స్ వచ్చినా, చెవి నుంచో ముక్కు నుంచో రక్తమో నీరో కారుతున్నా, మగత వదలకపోయినా 108కి ఫోన్ చేయండి. ఇవేవీ కనిపించకపోయినా ఆ రోజుకు ఆట ఆపి, అదే రోజు డాక్టరుకు చూపించండి. స్కాన్ అవసరమా కాదా అన్నది వారు తేలుస్తారు, పిల్లలందరికీ అది అవసరం ఉండదు కూడా. చూపించాక ఇంటికి పంపితే, ఆ రాత్రి తోడుగా ఒక పెద్దమనిషి ఉండాలి. నిద్రపోనివ్వకూడదన్న భయం అక్కరలేదు గానీ, లేపితే లేవని నిద్రకు మాత్రం భయపడాలి. తలనొప్పికి ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ ఇవ్వకండి, అది రక్తస్రావాన్ని పెంచుతుంది.

పిల్లల్ని తీసుకువచ్చిన తాతయ్యలు, నాయనమ్మలు కొందరు చెట్టు కింద కనిపిస్తున్నారు. అమ్మా, రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు బాత్రూములో జారి తలకు చిన్న దెబ్బ తగిలించుకున్నా ఆసుపత్రికి వెళ్ళాలి. వయసు మీరినవారిలో రక్తం నెమ్మదిగా చేరి, రెండు మూడు వారాల తర్వాత నడక తడబడుతుంది, మతిమరుపు మొదలవుతుంది. వయసు వల్లే అనుకొని ఇంట్లోవారు ఊరుకుంటారు.

పోలీసు కేసవుతుందేమో, స్కూలుకు చెడ్డపేరు వస్తుందేమో అని వెనకాడేవారు మనలో ఉన్నారు. ఆ రోజు నాకూ ఆ శంక కలిగింది, దాచను. ముందు వైద్యం, తర్వాతే మిగిలిన లాంఛనాలు అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది.

కార్యక్రమ పత్రంలో మొదటి అంశం కబడ్డీ అని ఉంది. నిర్వాహకులను ఒకటే కోరుతున్నాను. కూత మొదలయ్యే ముందు, అవసరమైతే పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకువెళ్ళే బండి ఏదో, దాని డ్రైవరు ఎవరో నాకు చూపించండి. డ్రైవరు బాబూ, ఎక్కడున్నావు? ఒకసారి చెయ్యెత్తు.