బుడ్డల చెట్టు పీకి చూద్దాం రండి

నమస్కారమండీ. ఈ వేరుశనగ చెట్టుని ఇప్పుడే పీకాను, ఇంకా మట్టి కూడా దులపలేదు. కెమెరా కాస్త దగ్గరికి తీసుకురా తమ్ముడూ. ఈ పసుపు పువ్వు కనబడుతోందా? పొద్దున విచ్చుకుంటుంది, ఒక్కరోజులో వాడిపోతుంది. అక్కడి నుంచి సూదిలాంటిది నేలకేసి దిగుతోంది చూడండి, ఇది ఊడ. ఇది మట్టిలోకి దిగితేనే కాయ, గాల్లో ఉండిపోతే ఏమీ లేదు. ఊడలు దిగే టైంలో వాన లేక నేల గట్టిపడిందంటే రైతుకి ఒకటే టెన్షన్. విత్తిన 40, 45 రోజులకి, కాల్షియం ఇచ్చే జిప్సం వేసి మట్టి ఎగదోసేది కూడా అప్పుడే. కాయకి కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగాన్ని కాయే చుట్టూ ఉన్న మట్టిలోంచి పీల్చుకుంటుంది మరి. అంటే ఇది వేరుకి కాసేది కానే కాదు. పేరు పెట్టినాయన సరిగ్గా చూడలేదేమో!

తెలంగాణలో పల్లీలంటారు, మా అనంతపురం వైపు బుడ్డలంటాం. పుట్టిల్లేమో దక్షిణ అమెరికా. కంది, పెసరలకి చుట్టమే గానీ బాదంకి కాదు. అయినా మనం దీన్ని నూనెగింజల లెక్కలోనే రాస్తాం. నాకు నచ్చనిది అదే. గింజలో దాదాపు సగం నూనె, సుమారు పావు వంతు ప్రోటీన్. గానుగాడిస్తే ఆ ప్రోటీన్ అంతా నూనె తీశాక మిగిలే పిప్పిలో, అదే చెక్కలో, ఉండిపోయి బర్రెల తొట్టిలోకి పోతుంది. మనకి మిగిలేది ఉత్త నూనె.

అందుకే నా ఓటు మా బుడ్డల పచ్చడికి, ఊరుబిండికి. బుడ్డలు సన్నసెగ మీద వేయించి, పొట్టు చెరిగి, కాల్చిన ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో మెత్తగా తిప్పారో, నూనె తేలి జిడ్డుముద్ద అవుతుంది. వేడి రాగిసంగటిలో గుంట చేసి ఇది పెట్టుకుంటే కూర అడగరు.

ఒక్క జాగ్రత్త. బూజు పట్టినవి, రంగు మారినవి ఏరి పారేయండి. ఆ బూజు చేసే విషం పేరు అఫ్లటాక్సిన్, వేయించినా పూర్తిగా పోదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, కారణం వాటికి పెట్టిన వేరుశనగ చెక్క అని తేలింది. అఫ్లటాక్సిన్ సంగతి బయటపడింది అలాగే.

సరే, ఈ పచ్చికాయలు ఉప్పునీళ్ళలో ఉడకేస్తున్నా. కాయలు తెంపిన ఈ కట్టె, అదే ఆకులూ కాడలూ, ఆవుకి. అదిగో, అప్పుడే లాగేస్తోంది!