చెట్టుకు వడ్డీ లెక్క

[దృశ్యం: భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక జామాయిల్ తోట. రంపం చప్పుడు.]

ఈ తోటకు నాలుగేళ్లు. కర్ర ఇంకా లావెక్కుతూనే ఉంది, అయినా కొట్టేస్తున్నారు. ఇంకో రెండేళ్లు ఆగితే టన్నులు పెరుగుతాయి కదా, తొందరేంటి?

చెట్టును డిపాజిట్ అనుకుని చూడండి. ఈ ఏడు కొడితే 100 రూపాయలు వస్తాయి, వచ్చే ఏడు కొడితే 112. బ్యాంకు వడ్డీ 7 శాతం. చెట్టే నయం, ఉంచుదాం. ఆ మరుసటి ఏడు 112 కాస్తా 118 అయింది. అంటే పెరిగింది 5 శాతం చిల్లరే. ఇక కొట్టి, డబ్బు బ్యాంకులో వేసుకోవడమే మేలు.

ఇందులో ఒక మెలిక ఉంది. దాన్ని 1849లో మార్టిన్ ఫౌస్ట్‌మన్ అనే జర్మన్ ఫారెస్టర్ పట్టుకున్నాడు. పాత చెట్టు నిలబడి ఉన్నన్నాళ్లూ ఆ నేలలో కొత్త చెట్టు లేవదు. కాబట్టి నేల కౌలు కూడా ఆ పాత చెట్టు ఖాతాలోనే రాయాలి. అలా రాస్తే కొట్టే రోజు ఇంకా ముందుకొస్తుంది. జామాయిల్‌కైతే మరీను. మోడు నుంచే పిలకలొస్తాయి, మళ్లీ మొక్కలు కొనే ఖర్చు ఉండదు.

[తెర మీద: టేకు చెట్టు, పక్కన కాలిక్యులేటర్.]

టేకు సంగతి చూద్దాం. అరవై ఏళ్ల తర్వాత లక్ష రూపాయలు పలికే చెట్టు ఉందనుకోండి. 7 శాతం వడ్డీతో వెనక్కి లెక్కేస్తే ఇవాళ దాని విలువ సుమారు 1,725 రూపాయలు. పోనీ, బ్యాంకు అప్పు పుట్టక రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రైతు సంగతేంటి? నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24. ఆ రేటున అదే లక్షకు ఇవాళ్టి విలువ... పావలా! నేను మూడుసార్లు నొక్కి చూశాను, పావలానే. ఆ రైతును టేకు ఎందుకు వేయలేదని అడిగే ముఖం మనకుందా?

ఇప్పటిదాకా కొట్టిన కర్రకే ఖరీదు కట్టాం. నిలబడ్డ చెట్టు ఇచ్చేదాన్ని కూడా కలిపితే కొట్టే రోజు వాయిదా పడొచ్చని, ఒక్కోసారి అసలు కొట్టకపోవడమే లాభమని 1976లో రిచర్డ్ హార్ట్‌మన్ అనే ఆర్థికవేత్త లెక్క కట్టి చూపించాడు. మన దగ్గర బీడీ ఆకునిచ్చే తునికి చెట్టునే తీసుకోండి. ఎండాకాలం రాగానే తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసుకొస్తారు. ఇంటికొచ్చి యాభై ఆకులకో కట్ట కడతారు. చెట్టు అక్కడే ఉంటుంది, మళ్లీ ఏడాదికి మళ్లీ ఆకు.

[దృశ్యం: కల్లంలో ఆరబోసిన కట్టలు.]

మన దేశంలో నిలబడ్డ అడవికి రేటు లేకపోలేదు. గనికో డ్యామ్‌కో అటవీ భూమి ఇవ్వాల్సి వస్తే హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా కట్టాలని 2008లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. తర్వాత ఆ రేట్లు పెరిగాయి. ఆ సొమ్ము జమయ్యేది పోయిన అడవికి బదులు అడవి పెంచడానికి సర్కారు పెట్టిన కాంపా నిధికి, ఆకు కోసినావిడ ఖాతాకు కాదు.